కన్ను ఎక్కడ ఆగుతుంది: చిన్న కొట్టుకు రంగులు, లైట్లు అమర్చుకునే పద్ధతి

ఒంగోలులో మాది చిన్న మ్యాచింగ్ సెంటర్. పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల లోతు. చీర పట్టుకుని వచ్చినవాళ్లకు జాకెట్టు ముక్క, లైనింగు, ఫాల్ రంగు కలిపి ఇవ్వడమే పని. కనకాంబరం, రామా గ్రీన్, నెమలికంఠం, మెంతిరంగు, గంధం, ఇటుకరంగు... పొద్దున షట్టర్ తీసిన దగ్గర నుంచి రాత్రి వేసేదాకా ఇవే మాటలు.

ఆరేళ్ల కిందట శ్రావణమాసంలో ఒక రాత్రి కొత్తపట్నం వైపు నుంచి ఒకావిడ కూతురి పెళ్లి చీర తెచ్చింది. వంగపండు రంగు పట్టు. కౌంటర్ మీద పరిచి, ట్యూబ్‌లైటు కింద ముక్క ఆనించి చూశాం. ఎక్కడ చీర అయిపోయిందో, ఎక్కడ ముక్క మొదలైందో తెలియనంతగా కలిసింది. మూడో రోజు పొద్దున్నే ఆమె మళ్లీ వచ్చింది. కుట్టిన జాకెట్టునూ చీరనూ గుమ్మం బయట ఎండలో పక్కపక్కన పట్టుకుని, "ఏందమ్మాయ్ ఇది? చీరేమో వంగపండు, జాకెట్టేమో నేరేడు పండు!" అంది. నిజమే, ఎండలో జాకెట్టు నీలం వైపు వెళ్లిపోయింది. లోపలికి తెచ్చి ట్యూబ్‌లైటు కింద పెడితే మళ్లీ రెండూ ఒకటే. పెళ్లికి నాలుగు రోజులుంది. "తప్పు నాదే పిన్నీ" అని వేరే ముక్క ఇచ్చి, కుట్టుకూలి కూడా నేనే పెట్టుకున్నాను. ఆమె ముఖంలో ఆ రోజు చూసిన టెన్షన్ ఇప్పటికీ నాకు గుర్తే.

అప్పటి నుంచి లైట్ల గురించి దొరికిందల్లా చదివాను, తెలిసినవాళ్లను అడిగాను, కొట్టులో మార్చి మార్చి చూశాను. నాకు తేలిన సంగతి ఇది: కన్ను పక్కవాటికి భిన్నంగా ఉన్నదాని దగ్గర ఆగుతుంది. వెలుగు ఎక్కువైనంత మాత్రాన ఆగదు. ఇది తెలియక చాలామంది లైట్ల మీద లైట్లు పెంచుకుంటూ కరెంటు బిల్లు కడుతున్నారు. కింద రాసిన పనులను వరసగా చేసుకుంటూ పోతే చాలావరకు ఖర్చు లేకుండానే తేడా కనిపిస్తుంది.

మొదటి పని: రోడ్డుకు అవతల నిలబడండి

సాయంత్రం ఏడు గంటలప్పుడు, బజారు నిండుగా ఉన్నప్పుడు, మీ కొట్టుకు ఎదురుగా రోడ్డు అవతలికి వెళ్లండి. చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టండి. ఆ గోరు ఎంత ఉందో, మన కన్ను ఒక్కసారికి స్పష్టంగా చూసేది దాదాపు అంతే. మిగతాదంతా ఓరచూపే. ఓరచూపుకు అక్షరాలు చదవడం రాదు, సన్నని వివరాలు పట్టవు. చీకటి వెలుగుల తేడా, కదలిక, పెద్ద రంగు మచ్చ, ఇవే పడతాయి. బండి మీద పోయే మనిషి కంటికి మీ కొట్టు ముందు ఈ ఓరచూపులోనే తగులుతుంది. అక్కడ తగిలితేనే తల తిప్పి చూస్తాడు.

ఇప్పుడు ఫోన్‌తో ఆ వరస మొత్తం ఫొటో తీసి, ఏయే బోర్డు ఏ రంగులో ఉందో లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టినప్పుడు మా వరసలో పదకొండు బోర్డులుంటే ఎనిమిదింటికి ఎరుపూ పసుపే. మాదీ అందులో ఒకటి. పచ్చటి చుక్కల మధ్య ఒక్క ఎర్రచుక్క ఉంటే, పచ్చవి పదున్నా యాభై ఉన్నా ఎర్రది వెతక్కుండానే కళ్లకు తగులుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఆన్ ట్రైస్‌మన్ 1980లో వివరించింది. అదే ఎర్రచుక్క మరో ముప్ఫై ఎర్రచుక్కల మధ్య ఉంటే వెతుక్కోవాల్సిందే. ఎరుపు గొప్పతనం అది ఒంటరిగా ఉన్నంతసేపే. మీ వరస అంతా ఎరుపైతే తెల్లటి బోర్డు, లేదా ముదురు ఆకుపచ్చ మీద తెల్లటి అక్షరాలు మిమ్మల్ని పట్టిస్తాయి. ఎరుపు, పసుపు శుభమని వదలబుద్ధి కాకపోతే (నాకూ కాలేదు) గడపకు ఉంచుకోండి, బోర్డుకు అక్కర్లేదు.

రెండో పని: బోర్డు చదవగలిగేలా ఉండాలి

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 8 మీటర్లు దాటుతుంది. పేరు చూసి, చదివి, ఆగాలా వద్దా అనుకోవడానికి మూడు సెకన్లయినా కావాలి. అంటే పాతిక మీటర్ల దూరం నుంచే మీ పేరు చదవగలగాలి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం అనేది బోర్డులవాళ్లు పాటించే లెక్క. పాతిక మీటర్లంటే 82 అడుగులు కాబట్టి ఎనిమిది అంగుళాల అక్షరం కావాలి.

ఈ లెక్క ఇంగ్లిష్ అక్షరాలను పెట్టుకుని చేసింది. తెలుగుకు ఇంకా చోటు కావాలి. 'లక్ష్మి'లో 'క్ష్మి' చూడండి, పైన గుడి, కింద ఒత్తులు. అక్షరం ఒళ్లే ఎనిమిది అంగుళాలైతే గుడి, ఒత్తులతో కలిపి పద్నాలుగు పదిహేను అంగుళాల జాగా పోతుంది. చాలామంది మొత్తాన్ని కలిపి ఎనిమిది అంగుళాల్లో ఇరికిస్తారు. దగ్గర నుంచి బాగానే ఉంటుంది, అవతలి ఫుట్‌పాత్ నుంచి చూస్తే ఒత్తు కనిపించక పేరే మారిపోతుంది. బోర్డులో పేరు తప్ప మిగతా మాటలు తగ్గించి, ఆ జాగా ఒత్తులకు ఇవ్వండి.

వెనక లైటు వెలిగే బోర్డుల్లో మరో చిక్కుంది. చీకట్లో వెలిగే గీత ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తుంది. లావు అక్షరాలు పెట్టిస్తే లోపలి కన్నాలు పూడుకుపోయి 'థ'కూ 'ధ'కూ తేడా తెలియదు. వెలిగే బోర్డుకు మధ్యరకం లావే మేలు.

రంగు జతలకు ఒక సులువైన పరీక్ష చెబుతాను. బోర్డు డిజైన్ మీ ఫోన్‌కు పంపించినప్పుడు దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అక్షరాలు వెనక రంగులో కలిసిపోతే ఆ డిజైన్ వెనక్కి పంపండి. ఎరుపు మీద ఆకుపచ్చ ఇలాగే దొరికిపోతుంది. రెండు రంగులూ ఎంత వేరైనా వాటి వెలుగు దాదాపు సమానం. పైగా ఎరుపు, ఆకుపచ్చల తేడా పుట్టుకతోనే తెలియని మగవాళ్లు ఉంటారు, వాళ్లకు ఆ బోర్డు ఖాళీ రేకులాంటిదే. నీలం మీద ఎరుపు కూడా వద్దు, ఆ అంచులు కళ్లకు వణికినట్టుంటాయి. నలుపు మీద పసుపు, తెలుపు మీద ముదురు నీలం ఎన్నాళ్లయినా మోసం చేయవు.

మినుకుమినుకుమనే లైట్లు పెట్టించమని కొందరు సలహా ఇస్తారు. ఓరచూపు కదలికను పట్టేస్తుందన్నది నిజమే. కానీ వారం తిరిగేసరికి రోజూ ఆ దారిన పోయేవాళ్లు దాన్ని చూడటం మానేస్తారు. సెకనుకు మూడుసార్లకు మించి కొట్టే మెరుపు కొందరికి మూర్ఛ తెప్పించగలదు కూడా. ఎరుపూ నీలం కలిపి కొట్టించడం మరీ తప్పు, రాత్రిపూట బండి నడిపేవాడికి అది అంబులెన్సో పోలీసు బండో అనిపిస్తుంది. గిరాకీ కోసం రోడ్డు మీది మనిషిని కంగారు పెట్టకూడదు.

మూడో పని: వెనక గోడను వెలిగించండి

మన ఎండలు తెలిసినవే. నిండు మధ్యాహ్నం బయట వెలుగు లక్ష లక్స్ (ఒక చోట పడే వెలుగును కొలిచే లెక్క) దాకా ఉంటుంది. బాగా లైట్లున్న కొట్టులో 500 ఉంటే గొప్ప. ఎండలోంచి వచ్చినవాళ్లకు లోపల గుహలా కనిపించడానికి కారణం ఇదే. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది, కొట్టు వెలుగుకైనా కొంతసేపు కావాలి. ఆ కాసేపట్లోనే, ఏమీ కనిపించక, "ఇక్కడేం లేదులే" అని వెనక్కి తిరుగుతారు.

అందరం చేసే తప్పు లైట్లన్నీ గుమ్మం దగ్గర పెట్టడం. ఎండ ముందు ఆ లైట్లు ఎంత? వాటిని తీసి వెనక గోడ మీద పడేలా తిప్పండి. లోపల చివరి గోడ వెలుగుతుంటే గుమ్మంలో నిలబడిన మనిషికి కొట్టు లోతు తెలుస్తుంది, కాళ్లు వాటంతట అవే లోపలికి నడుస్తాయి. మా కొట్టులో చేసిన మార్పులన్నింటిలో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇదే. వెనక ర్యాకులో ఏళ్ల తరబడి ఎవరూ అడగని మెంతిరంగు, ఆవపిండి రంగు తాన్లను "అదేంటి, అది తీయండి" అని వేలు చూపించి మరీ అడగడం మొదలుపెట్టారు. వెనక గోడకు లేత రంగు ఉండాలి, ముదురు రంగు వేసి ఎన్ని లైట్లు పెట్టినా వెలుగంతా అదే తాగేస్తుంది.

నాలుగో పని: బల్బు పెట్టె మీద మూడు అంకెలు చదవండి

వాట్లు చూసి కొనడం పాత అలవాటు. వాటు కరెంటు ఖర్చు చెబుతుంది, వెలుగు సంగతి చెప్పదు. వెలుగుకు ల్యూమెన్లు చూడాలి. మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 800 నుంచి 900 ల్యూమెన్ల దాకా ఇస్తుంది.

రెండోది కెల్విన్, వెలుగు ఏ రంగులో ఉంటుందో చెప్పే అంకె. 2700, 3000 అయితే దీపంలాంటి పసుపు వెలుగు. 4000 నడిమి తెలుపు. 6500 నీలం కలిసిన తెలుపు. పసుపు వెలుగులో ఇత్తడి, బంగారం, మైసూర్‌పాకు, బెల్లం నిండుగా కనిపిస్తాయి. వెండికి, స్టీలుకు, ఉతికిన తెల్లబట్టకు 6500 బాగుంటుంది. అన్ని రంగులూ అమ్మే మాలాంటివాళ్లకు 4000 మంచిది. ఒకే కొట్టులో పక్కపక్కనే ఒకటి పసుపు, ఒకటి నీలం బల్బు పెడితే మాత్రం చూసేవాళ్లకు ఏ రంగూ నమ్మబుద్ధి కాదు.

మూడోది సీఆర్ఐ. బట్టలవాళ్లు, పండ్లవాళ్లు అన్నింటికన్నా ముందు చూడాల్సింది దీన్నే. ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో 100కు వేసిన మార్కు అది. మామూలు బల్బులకు 80 ఉంటుంది, బట్టలకు 90కి తగ్గకూడదు. తెల్ల ఎల్‌ఈడీ లోపల నిజానికి పుట్టేది నీలం వెలుగు. దాని మీద పూసిన ఫాస్ఫర్ అనే పసుపు పూత అందులో కొంత మార్చి తెలుపు చేస్తుంది. ఈ తతంగంలో ఎరుపు పలచబడుతుంది. సీఆర్ఐ లెక్కకు తీసుకునే ఎనిమిది రంగులూ లేతవి, ముదురు ఎరుపు అందులో లేదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంది. సీఆర్ఐ 80 అని రాసి ఉన్నా ఆర్9 చాలా తక్కువగా ఉండొచ్చు. కుంకుమరంగు చీర మట్టిరంగులో, టమాటా వాడినట్టు కనిపించేది ఇందుకే. ఆర్9 సంగతి అడగండి. కొట్టువాళ్లకు తెలియకపోతే ఒక బల్బు మాత్రం కొని, దాని కింద మీ అరచెయ్యి పెట్టి చూడండి. అరచేతిలో రక్తం కళ కనిపించాలి. పాలిపోయినట్టు, బూడిదగా ఉంటే అది గోడౌనుకు పనికొస్తుంది.

అయిదో పని: ఎక్కడ బిగించాలి

చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్ మన ప్రాంతంలో చూడనివాళ్లు ఉండరు. నల్లరాతిలో బంగారు రవ్వలు, బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు అవి. ఒక పలకను మబ్బుపట్టిన రోజు ఆరుబయట చూడండి, ఉత్త నల్లరాయి. అదే పలక మీద ఒక చిన్న ఫోకస్ లైటు పడనిచ్చి తల కాస్త అటూ ఇటూ కదపండి, రవ్వ తర్వాత రవ్వ మెరుస్తుంది. అన్ని వైపుల నుంచి మెత్తగా పడే వెలుగులో మెరుపు చచ్చిపోతుంది. ఒక్క బిందువు నుంచి వచ్చే వెలుగులో లేచొస్తుంది. జరీకి, గాజులకు, చెమ్కీలకు, స్టీలు సామానుకు ఇదే సూత్రం. నూలుకు, లైనింగులకు, పుస్తకాలకు మెత్తటి వెలుగు, అంటే ప్యానెల్ లైటు, ట్యూబు చాలు.

ఫోకస్ లైటు నెత్తి మీద నుంచి నిట్టనిలువుగా కొట్టకూడదు. ర్యాకుకు రెండు మూడు అడుగులు ఇవతల సీలింగుకు బిగించి వాలుగా తిప్పాలి. దూరం రెట్టింపైతే చిన్న బల్బు వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకని ఎత్తు సీలింగు మీద చిన్న బల్బు పెట్టి కనిపించడం లేదనడంలో అర్థం లేదు. కిందికి దించండి.

బల్బు మాత్రం ఎవరి కంట్లోనూ పడకూడదు. కంటి ఎదుట బల్బు మండుతుంటే కనుపాప ముడుచుకుని మిగతా సరుకంతా చీకటైపోతుంది. మా కౌంటర్ మీద వేలాడే బల్బు అలాంటిదే ఉండేది. దానికి రేకు డొప్ప తొడిగాం. బల్బు మార్చలేదు, వాటు పెంచలేదు, అయినా కొట్టు తేటపడింది.

వెలుగులో ఎక్కువ తక్కువలు ఉండాలి. కొట్టంతా ఒకే తీరుగా వెలిగిస్తే కన్ను జారిపోతుంది. పది అడుగుల కొట్టుకు రెండు చోట్ల మాత్రం మిగతాదానికన్నా మూడు రెట్లు వెలుగు పెట్టండి. మూడో చోటు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి.

ఆరో పని: రంగుల పొరుగు

ఫ్రాన్స్‌లో షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1824లో పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకాల విభాగానికి అధికారి అయ్యాడు. నల్లదారం నిండుగా రావడం లేదని ఫిర్యాదులొస్తే పరీక్షించి చూశాడు. దారంలో లోపమేమీ లేదు. దాని పక్కన నేసిన నీలం, ఊదా రంగులు నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయి. పొరుగు రంగును బట్టి రంగు మారి కనిపిస్తుందన్న ఈ సంగతి మాకు రోజూ కౌంటర్ మీద ఎదురవుతుంది. బూడిదరంగు ముక్కను రాణీ పింక్ పక్కన పెడితే పచ్చగా, చిలకపచ్చ పక్కన పెడితే గులాబీగా కనిపిస్తుంది. అందుకే కౌంటర్ మీద పూలపూల ప్లాస్టిక్ షీటు తీసేసి లేత బూడిదరంగు గుడ్డ పరిచాను. గోడలకూ తెలుపో, లేత బూడిదో వేయండి. గులాబీ గోడ మీద పడిన వెలుగు గులాబీగానే తిరిగొచ్చి బట్ట మీద పడుతుంది.

ర్యాకులో తాన్లు సర్దేటప్పుడు లేత నుంచి ముదురుకు వరసగా పేర్చితే వెతకడం సులువు. కానీ వరస మరీ నున్నగా ఉంటే ఏ ఒక్కటీ కంట పడదు. అమ్మాలనుకున్న కొత్త రంగును వరస తప్పించి, దానికి ఎదురు రంగు మధ్యలో పెట్టండి, నీలాల మధ్య కనకాంబరం ఒక్కటి. పది రోజులకోసారి దాన్ని మార్చండి, లేకపోతే రోజూ చూసే కళ్లకు అదీ గోడలో భాగమైపోతుంది.

పండ్లు, కూరగాయల వాళ్లకు ఒక మాట. హైవే పక్కన పుచ్చకాయల పందిరికి ఎర్రపట్టా కప్పితే కోసిన ముక్క కణకణలాడుతుంది. అదే ఎర్రపట్టా కింద ఆకుకూర నల్లబడిపోతుంది. టమాటాకు ఎర్రపట్టా, ఆకుకూరకు పచ్చపట్టా కప్పి పాత సరుకు తాజాగా చూపించడం నాకు నచ్చదు. ఇంటికెళ్లి సంచీ తిప్పగానే మోసం బయటపడుతుంది, ఆ మనిషి మళ్లీ మీ బండి దగ్గర ఆగదు. తెల్లపట్టా కప్పి, సరుకు మీద రోజుకు నాలుగుసార్లు నీళ్లు చల్లండి. నీటిచుక్క మెరుపును మించిన లైటు లేదు.

ఏడో పని: గుమ్మం దగ్గర రెండు అడుగులు ఖాళీ

మళ్లీ ఆ వంగపండు చీర దగ్గరికి వస్తాను. పట్టుకు వేసే అద్దకం వేరు, నూలుకూ పాలియెస్టర్‌కూ వేసేది వేరు. రెండూ ఒక వెలుగులో ఒకే రంగుగా కనిపించి, మరో వెలుగులో విడిపోగలవు. ట్యూబ్‌లైటు వెలుగులో అన్ని రంగుల కిరణాలూ సమానంగా ఉండవు, కొన్ని దట్టంగా, కొన్ని పలచగా ఉంటాయి. ఆ పలచటి చోట ఉన్న తేడా కంటికి అందదు. ఎండలో అన్నీ ఉంటాయి కాబట్టి తేడా బయటపడుతుంది. "వాకిట్లోకి తీసుకెళ్లి వెలుతురులో చూడు" అని మన అమ్మలు ఎప్పుడూ చెప్పేది ఇదే.

తెలుపులో గొడవ ఇంకా ఎక్కువ. కొన్ని తెల్లబట్టలకు మెరుపు తెచ్చే మందు కలుపుతారు. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలంగా వెలుగుతుంది. ఎల్‌ఈడీలో ఆ కిరణాలు దాదాపు ఉండవు. కొట్టులో ఒకేలా ఉన్న చీర, లైనింగు బయట ఒకటి పాలలా, ఒకటి మీగడలా తేలతాయి.

కాబట్టి గుమ్మం దగ్గర బొమ్మలు, బుట్టలు తీసేసి రెండు అడుగుల జాగా వదలండి. నేరుగా ఎండ పడని నీడ వెలుతురు కావాలి, నిండు ఎండ కళ్లు చెదరగొడుతుంది. రాత్రిపూట వచ్చినవాళ్లకు కౌంటర్ మీద రెండు లైట్లు ఏర్పాటు చేయండి. ఒకటి 2700, ఒకటి 6500, వేరువేరు స్విచ్చులతో, రెండూ సీఆర్ఐ 90 పైన ఉన్నవి. ఒకటి ఆర్పి ఒకటి వేసి చూపిస్తే, రెండింటిలోనూ కలిసిన ముక్క చాలావరకు ఎండలో కూడా కలుస్తుంది, తెలుపు తప్ప. అప్పటికీ అనుమానముంటే పెళ్లి చీరలకు నేను ముక్క కోసి ఇవ్వను, "పొద్దున రా పిన్నీ, వెలుతురులో చూసి ఇస్తాను" అంటాను. ఆ రాత్రి బేరం పోయినా ఫరవాలేదు.

కరెంటు పోయినప్పుడు, మునిమాపు వేళ

సందె చీకట్లో కన్ను తీరు మారుతుంది. పగలు పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర చురుగ్గా ఉన్న చూపు, చీకటి పడేకొద్దీ నీలం, ఆకుపచ్చల వైపు జరుగుతుంది. ఎరుపు ముందుగా నల్లబడుతుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దం మొదట్లో గమనించిన సంగతి ఇది, దీనికి ఆయన పేరే పెట్టారు. లైటు లేని ఎర్రబోర్డు సందె వేళ నల్లరేకే. ఇన్వర్టర్ ఉంటే దానికి ముందుగా కలపాల్సింది బోర్డు లైటు, గుమ్మం మెట్టు మీది లైటు. మెట్టు అంచుకు రెండు అంగుళాల పసుపు పట్టీ వేయించండి, తెల్ల టైల్సు మీద మెట్టు ఉన్నట్టే తెలియక తడబడిన పెద్దవాళ్లను నేను చూశాను.

ఎండ తగిలే వైపు పెట్టిన తాన్లు వారానికోసారి తిప్పండి. గులాబీలు, ఊదాలు ముందుగా వెలిసిపోతాయి. మడత విప్పితే చార పడి ఉంటుంది, ఆ మీటరు నష్టం మనదే.

ఇక పెద్దవాళ్ల సంగతి. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటికి చేరేదాంట్లో దాదాపు మూడో వంతు. కంటిలోని కటకం పసుపెక్కడం వల్ల ముదురు నీలానికీ నలుపుకూ తేడా వాళ్లకు సరిగ్గా తెలియదు. "నలుపు ఫాల్ ఇచ్చావేంటి" అని నీలం ఫాల్ పట్టుకొచ్చిన పెద్దమ్మను విసుక్కోకండి, ఆమెకు కనిపిస్తున్నది నలుపే. స్టూలు గుమ్మం పక్కనే వేసి, వెలుతురు ఆమె భుజం వెనక నుంచి ఒళ్లోని చీర మీద పడేలా కూర్చోబెట్టండి. నీలం, నలుపు రెండు ఫాల్సూ పక్కపక్కన ఆమె చేతికే ఇవ్వండి.